ఇల్లు అద్దెకిచ్చువారికి కొన్ని మాటలు



పొలమమ్మి పట్టణమున ఇల్లు కొని, వచ్చెడి అద్దెతో కాలము గడుపవలెనను కోరిక మన పల్లెలలో నానాటికి పెరుగుచున్నది. కారణములు మీరెరుగనివి కావు. కూలి ఖర్చులు హెచ్చినవి. బిడ్డలు హైదరాబాదుననో, బెంగుళూరుననో, సముద్రములు దాటియో యున్నారు. గట్టుమీద నిలిచి పని చేయించువారు లేరు. కౌలునకిచ్చినచో ఒక యేడు వచ్చును, ఒక యేడు రాదు. అదే పట్టణమున రెండు వాటాల యిల్లున్నచో నెల తిరుగునప్పటికి రొక్కము చేతబడునుగదా యని పెద్దలు తలంతురు. ఆ తలపు తప్పని నేను చెప్పబోను. ముప్పదియేండ్లుగా దస్తావేజులును అద్దె పత్రములును వ్రాయుచు, అద్దె యిండ్ల తగవులను చేరువనుండి చూచుచున్నవాడను గనుక, కొనుటకు ముందొకమారు, అద్దెకిచ్చుటకు ముందొకమారు కాగితము, కలము పుచ్చుకొని కూర్చుండుడని మాత్రము కోరుచున్నాను.

మొదట లెక్క చూతము. ఒకరు రిజిస్ట్రేషను ఖర్చులతో గూడ 40 లక్షల రూపాయలు పెట్టి రెండు వాటాల డాబా యిల్లు కొన్నారనుకొందము. వాటాకు 6,000 చొప్పున నెలకు 12,000 రూపాయలు. సంవత్సరమునకు 1,44,000. వినుటకు బాగుగనే యున్నది. కాని అద్దెకుండువారు కలకాల ముండరు. ఒకరు పోయి మరియొకరు వచ్చులోపల సున్నము వేయించవలెను, తలుపులు బాగుచేయించవలెను, మంచిదినము చూడవలెను. ఆషాఢము, శూన్యమాసము అడ్డుపడిన మరికొన్ని దినములు. వాటాకు ఏడాదికొక్క నెల ఖాళీయని లెక్కించినను 12,000 పోయి 1,32,000 మిగులును. ఇంటిపన్ను, రంగులు, మోటారు, కుళాయిలు, మరుగుదొడ్డి గుంట శుభ్రము చేయించుట, ఇవన్నియు కలిసి 30,000 అయినచో చేతికి మిగులునది 1,02,000. అనగా నూటికి రెండున్నర రూపాయల పైచిలుకు. ఆ 40 లక్షలే బ్యాంకులో నుంచి నూటికి ఆరు వడ్డీ వచ్చెననుకొన్నను 2,40,000 వచ్చియుండును.

మరి ఇండ్లు కొనువారందరు లెక్క తెలియనివారా? కారు. అద్దె యేటేట కొంత పెరుగును, వడ్డీ పెరుగదు. ఇంటి క్రింది స్థలమునకు ధర రావచ్చును. అది నిజమే. అయితే ఆ పెరుగుదల ఇల్లమ్మిననాడు గాని చేతికి రాదు. అమ్మనంతకాలము అది కాగితము మీది ధనము. దానితో అంగడివాడు బియ్యమియ్యడు. కావున పింఛను వచ్చువారు, వేరొక ఆదరువున్నవారు ఇల్లు కొన్నచో కొనవచ్చును. ఉన్నదంతయు అమ్మి అద్దె మీదనే బ్రతుకదలచిన వృద్ధ దంపతులు మాత్రము సగమైన వేరుగ నుంచుకొనవలెనని నా యభిప్రాయము. అరువదియేండ్లు నిండినవారికి తపాలా కార్యాలయములలోను బ్యాంకులలోను వృద్ధుల పొదుపు పథకమొకటి 2004 నుండి నడచుచున్నది. 2023లో దాని పరిమితిని 30 లక్షలకు పెంచిరి. వడ్డీ మూడు నెలలకొకమారు వచ్చును. కుళాయి పాడైనదని ఆ పథకము మిమ్ము రాత్రివేళ పిలువదు.

అప్పు చేసి అద్దె యిల్లు కొనువారి లెక్క ఇంకను కఠినము. పై యింటికే 20 లక్షలు నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినచో మొదటి యేటి వడ్డీయే 1,80,000 వరకు అగును. ఇల్లిచ్చునది 1,02,000. మిగిలినది పొలమో, కుమారుని జీతమో మోయవలెను. ఉద్యోగమున్న కుమారుడు తెలిసి మోయుట వేరు, అద్దెతోనే అప్పు తీరునని ఎవరో చెప్పగా నమ్మి తండ్రి సంతకము చేయుట వేరు.

ఇక్కడ రైతులు తరచు మరచు సంగతి యొకటి గలదు. సేద్యపు రాబడిమీద కేంద్రమువారి ఆదాయపు పన్ను లేదు. సాగుభూమిపై వచ్చు కౌలును సేద్యపు రాబడిగనే యెంచుదురు. ఇంటి అద్దె అట్లు కాదు, పన్నునకు లోబడినది. మీరు చెల్లించిన ఇంటిపన్నును తీసివేసి, మిగిలినదానిలో నూటికి ముప్పది మరమ్మతులు మొదలగువాటి క్రింద వదలివేయుదురు. అంత ఖర్చయినదా లేదా యని అడుగరు. తక్కిన డెబ్బది మీ యితర ఆదాయముతో కలియును. చిన్న అద్దెలవారికి పన్ను కట్టవలసిన యవసరము రాకపోవచ్చును. అయినను లెక్కపుస్తకముండుట మేలు.

ఇక పత్రము మాట. అద్దె పత్రము పదునొకండు నెలలకే యేల వ్రాయుదురని నన్ననేకు లడిగిరి. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము ప్రకారము సంవత్సరమునకు మించిన గడువుగల కౌలుగాని, ఏటేటి కౌలుగాని రిజిస్టరు చేయబడిన పత్రము మూలముననే చెల్లును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమును అదే చెప్పుచున్నది. పదునొకండు నెలలైనచో ఆ నిర్బంధము తప్పునను తలపుతో ఈ వాడుక ఏర్పడినది. అంతియేగాని పదునొకండవ నెల చివర మంత్రము వేసినట్లు ఇల్లు ఖాళీ యగునని కాదు. గడువు తీరిన పిదప కూడ అతడుండి, మీరు అద్దె పుచ్చుకొనుచున్నచో అది నెలనెల అద్దెగా సాగుచున్నట్లే. మూడేండ్లకు, ఐదేండ్లకు దుకాణము నిచ్చువారు మాత్రము పిసినితనము మాని రిజిస్టరు చేయించుటయే శ్రేయము. రిజిస్టరు కావలసియు కాని పత్రము న్యాయస్థానమున చాలవరకు నోరులేనిదై పోవును.

పత్రము ఇంటి దస్తావేజు ఎవరి పేర నున్నదో వారి పేరనే యుండవలెను. ఇల్లు భార్య పేర కొని, అద్దె పత్రము భర్త తన పేర వ్రాయించుకొనుట పరిపాటియైనది. ఆయన యున్నంతకాలము చిక్కు లేదు. ఆయన పోయిన మరునెల ఆమె అద్దె యడుగబోయినచో, మాకు పత్రము వ్రాసినది అయ్యగారు, కుమారులలో ఎవరికియ్యవలెనో మీరు తేల్చుకొని చెప్పుడని అద్దెకున్నవారందురు. వారి మాటలోను కొంత న్యాయమున్నది. ఇల్లామెది, సొమ్మామెది, అయినను ఆమె కుమారులనడుగుకొనవలసిన స్థితి వచ్చును. ఇట్టివి నేను రెండుమూడు చూచితిని. మీ గ్రామమున ఎవరైనను సలహా యడిగినచో మొట్టమొదట ఈ సంగతి విచారింపుడు. అద్దె జమయగు బ్యాంకు ఖాతాయు ఆమెదిగనే యుండవలెను.

ఇప్పుడు మిక్కిలి భయపెట్టు మాటకు వచ్చెదను. అద్దెకున్నవాడు పండ్రెండేండ్లున్నచో ఇల్లు వానిదైపోవునని పల్లెలలోనేగాక పట్టణములలోను గట్టిగ నమ్ముదురు. ఈ భయముచేత మూడేండ్లకొకమారు, నాలుగేండ్లకొకమారు మంచివారిని సైతము లేవదీయుదురు. నేనెరిగిన రైతొకరు తొమ్మిదియేండ్లు తప్పక అద్దె యిచ్చిన బడిపంతులును ఈ కారణముననే పంపివేసిరి. ఇల్లు ఐదు నెలలు ఖాళీగ నుండెను. తరువాత వచ్చినవాడు మూడు నెలల అద్దె ఎగవేసి ఒక రాత్రి సామానుతో వెడలిపోయెను. పంతులుగారు వీధి చివరనే మరియొక యింట చేరి, అచట తప్పక అద్దె యిచ్చుచుండిరి.

చట్టమేమి చెప్పుచున్నదో వినుడు. అద్దెకు వచ్చినవాడు యజమాని యనుమతితో వచ్చినవాడు. అద్దె యొప్పందము నడచినంతకాలము, ఒప్పందము మొదలైననాడు యజమానికి హక్కే లేదని అతడు వాదింపజాలడు. 1872 నాటి సాక్ష్య చట్టములో ఈ నియమముండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్య చట్టములోను ఇది యున్నది. పండ్రెండేండ్ల గడువు మాట 1963 నాటి కాలపరిమితి చట్టమునందు కలదు, కాని అద్దెదారునినుండి ఇల్లు స్వాధీనము పొందుటకు ఆ గడువు అతడు ప్రవేశించిననాటినుండి లెక్కకు రాదు. అద్దె యొప్పందము రద్దయిననాటినుండియే వచ్చును. కావున పండ్రెండుగాదు, ఇరువదియేండ్లు అద్దె యిచ్చుచు కూర్చుండినను అతడు అద్దెదారుడే.

అయితే అపాయమెచట నున్నదనగా, పత్రము లేకుండ, రసీదు లేకుండ, అద్దెయు లేకుండ దూరపు బంధువును ఇంట నుండనిచ్చినచోట. మన పిన్ని కుమారుడే గదా, ఇంటికి కాపలాగ నుండునని తాళమిచ్చెదరు. ఇరువదియేండ్ల తరువాత అతని కుమారులు ఇంటిపన్ను రసీదులు తమ పేర చూపుదురు. అనుమతితో నున్నవానికి ఊరక హక్కు రాదు. కాని అనుమతి యిచ్చితిమని చెప్పవలసిన పెద్దలిద్దరును అప్పటికి గతించియుందురు. ఇట్టి సందర్భమున నెలకు వంద రూపాయలైనను బ్యాంకు మూలమున పుచ్చుకొనుడు. లేదా నేను మీ యనుమతితో ఈ యింట నుంటిని, కోరినపుడు ఖాళీ చేయుదునని ఒక్క పుట వ్రాయించి సంతకము చేయించుకొనుడు. బంధుత్వము చెడునని సంకోచింతురు. ఆ సంకోచమువలననే బంధుత్వము తరువాత మరింత చెడును.

అద్దె చెల్లింపులు నేడు చాలవరకు సెల్‌ఫోను మూలముననే జరుగుచున్నవి. అది యజమానికే ఎక్కువ లాభము, ఏలయనగా తేదీ, మొత్తము, పేరు తమంతట నిలిచియుండును. రొక్కముగ నిచ్చువారికి మాత్రము ప్రతి నెల రసీదు వ్రాసి, దాని ప్రతిమీద వారి సంతకము పుచ్చుకొనుడు. రసీదు అద్దెదారునికి మాత్రమే మేలనుకొనుట పొరపాటు. అతడద్దెదారుడనుటకు మీకదియే సాక్ష్యము.

అడ్వాన్సు సొమ్ము మనది కాదని మనవారు పలుమారు మరతురు. ఆ సొమ్ముతో ఎరువులు కొని, ఖాళీ చేయుదినమున లేదనుట తగదు. కొన్ని పట్టణములలో రెండు మూడు నెలల అద్దె, బెంగుళూరు వంటిచోట్ల అంతకు ఎన్నో రెట్లు పుచ్చుకొను వాడుక గలదు. కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టమున నివాసగృహములకు రెండు నెలల అద్దె, ఇతర కట్టడములకు ఆరు నెలల అద్దె మించరాదని యున్నది. అది రాష్ట్రములకు మార్గము చూపునదే గాని తనంత అమలగునది కాదు. అయినను ఆ కొలత న్యాయముగ నున్నది. ఇంటిలోనికి వచ్చుదినమున పంకాలెన్ని, దీపములెన్ని, గోడల స్థితి యెట్లున్నది, గాజు పగిలిన కిటికీ ఏది, ఇవి ఒక కాగితమున వ్రాసి ఇద్దరును సంతకము చేయవలెను. సెల్‌ఫోనుతో నాలుగు ఛాయాచిత్రములు తీసిన ఇంకను మేలు. వాడుకచే సహజముగ కలుగు అరుగుదలకు అద్దెదారుడు బాధ్యుడు కాడు. అడ్వాన్సులో సున్నపు ఖర్చు కోయుట అనేకచోట్ల వాడుకయైనది. కోయదలచినచో ఎంతయో పత్రమునందు ముందుగనే వ్రాయుడు. పోవుదినమున చెప్పినచో అది తగవగును.

ఎవరికియ్యవలెను? మనవారు మొదటగ కులమడుగుదురు, తరువాత కోడిగ్రుడ్డు తిందురా యని యడుగుదురు. ఎచట పని చేయుదురు, నెలకేమి వచ్చును, ఇంతకుముందెచట నుండిరి, ఆ యిల్లేల విడిచిరి యన్న ప్రశ్నలు చివరకు మిగులును, కొన్నిమార్లు మిగులను మిగులవు. నా యనుభవమున అద్దె యెగవేసినవారిలో అన్ని కులములవారు నుండిరి, తప్పక యిచ్చినవారిలోను అన్ని కులములవారు నుండిరి. జీతములో మూడవవంతునకు మించిన అద్దెకు ఒప్పుకొన్నవాడు మాత్రము రెండవ యేట తడబడుట తరచు చూచితిని. వారి గుర్తింపు పత్రము ప్రతి తీసికొని, పూర్వపు యింటి యజమానికి ఒక్కమారు ఫోను చేసినచో నూరు ప్రశ్నలకు సమాధానము దొరకును.

రెండు వాటాలున్నచో విద్యుత్తు మీటర్లు రెండు వేయించుడు. వాడకము పెరిగినకొలది యూనిటు ధర పెరుగు ఏర్పాటు మన రెండు రాష్ట్రములలోను గలదు. ఇద్దరి వాడకము ఒకే మీటరులో కలిసినచో ఇద్దరును పైమెట్టు ధర చెల్లింపవలసి వచ్చును. ఆపై ఎవరి పంకా ఎంతసేపు తిరిగెనను తగవు మీ గడప కెక్కును.

మరమ్మతులలో ఆలసింపరానివి రెండే. ఒకటి డాబా కారుట, రెండవది విద్యుత్తు తీగలు. రోహిణి యెండలు తగ్గకముందే డాబా యెక్కి నీరు పోవు తూములలోని ఆకులు తీయించి, బీటలు పూడ్పింపవలెను. ఒక వర్షకాలము ఉపేక్షించిన తడి లోపలి యినుపచువ్వల కంటి, అవి త్రుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు రాలును. అప్పుడు వేలలో పోవలసినది లక్షలలో పోవును. తీగలవిషయమున భూమికి కలుపు తీగ సరిగానున్నదో లేదో ఏడాదికొకమారు చూపింపుడు. స్నానపు గదిలో నీళ్లు కాచు యంత్రమున్న యిండ్లలో అది ప్రాణములతోడి మాట. యజమాని చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిదపను తగిన కాలములో చేయనిచో, అద్దెదారుడే చేయించుకొని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకొను హక్కు 1882 నాటి చట్టమే యిచ్చినది.

ఖాళీ చేయింపవలసి వచ్చినపుడు తొందర కూడదు. నెలనెల అద్దెకున్నవారికి వేరొక ఒప్పందము గాని, స్థానిక చట్టము గాని లేనిచో పదునైదు దినముల వ్రాతపూర్వకమైన నోటీసు కావలెను. ఉమ్మడి రాష్ట్రపు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము, అది వర్తించు ఇండ్లలో, బుద్ధిపూర్వకముగ అద్దె యెగవేయుట, అనుమతి లేక ఇతరులకిచ్చుట, యజమానికే ఇల్లు అవసరమగుట వంటి కారణము చూపిననే ఖాళీ చేయింపవచ్చునని విధించినది. తరువాత వచ్చిన మార్పులవలన నియమములు రాష్ట్రమునకొక విధముగ నున్నవి. కనుక నోటీసు వకీలుచే వ్రాయించుటయే మంచిది. నీరు కట్టుట, విద్యుత్తు తీయుట, సామాను వీధిలో పెట్టుట మాత్రము ఎన్నటికిని చేయకుడు. చట్టవిధానము తప్పి వెడలగొట్టబడినవాడు ఆరు నెలలలోపల దావా వేసినచో, ఇల్లెవరిదను ప్రశ్నతో నిమిత్తము లేకుండ తిరిగి స్వాధీనము పొందుటకు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము వీలు కల్పించుచున్నది. హక్కు మీదై యుండియు దోషి మీరగుదురు.

పొలము కౌలునకిచ్చువారికి కూడ ఒక్కమాట చెప్పవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టమున సాగుదారునకు పదునొకండు నెలలకు పత్రమిచ్చు ఏర్పాటు కలదు. అది పంటమీది హక్కే గాని భూమిమీది హక్కు కాదు. అయినను భూమి పోవునను భయముచే అనేక యజమానులు సంతకము చేయరు. సంతకము లేనిచో సాగుచేయువానికి బ్యాంకు అప్పు చిక్కుట దుర్లభము, తుపానువచ్చి పంట పోయినచో పరిహారము చాలమారులు గట్టుమీదికి రానివానికే చేరును. పండ్రెండేండ్ల భయము ఇండ్లలో ఒకరినొకరిని నష్టపెట్టుచున్నది. పొలములలో మాత్రము నష్టము బీదవానికే తగులుచున్నది. గ్రామపెద్దలు పూనుకొని చెప్పినచో వినువారు కలరు.

తుదకొక సంగతి. ముదిమిచే అద్దె వసూలు చేయలేక, ఇంటిని కుమారునకో కుమార్తెకో ఇప్పుడే వ్రాసి యిచ్చివేయుదమని తలచు వృద్ధులు మీలో నుండవచ్చును. వీలునామా వ్రాసినచో మీరున్నంతకాలము ఇల్లు మీదే, మనసు మారిన పత్రమును మార్చుకొనవచ్చును. దానపత్రము రిజిస్టరైన పిదప ఇల్లు వారిది, అద్దెయు వారిదే. దానమే చేయదలచినచో 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టములోని 23వ విధిని గుర్తుంచుకొనుడు. దానము పొందినవారు తమ్ము పోషించి, కనీసావసరములు తీర్పవలెనను షరతు నుండి, వారది నెరవేర్పనిచో ఆ దానమును రద్దుచేయించుకొన వీలున్నది. ఆ షరతు నోటిమాటగ నున్నదని తరువాత చెప్పి నిరూపించుట కష్టము. నాయొద్దకు వచ్చు వృద్ధులకు నేను మొదట అడుగకయే ఈ వాక్యము చదివి వినిపింతును. కుమారుడు ప్రక్కనే కూర్చుండియుండుటచే కొందరది వలదందురు. అప్పుడు కుమారుని వాకిటిలోనికి పంపి మరియొకమారు చదువుదును. ఆ వాక్యమొక్కటి చేర్చుటకు నేను ప్రత్యేకముగ రుసుము తీసికొనను.